ఊడ్చేసిన మచ్చ

ఆగస్టు నెలలో ఓ మంగళవారం, పొద్దున పదింటి టీ వేళ. నోలీన్ హార్టిగన్ వెజిమైట్ రాసిన బ్రెడ్డు ముక్కను నోటిదాకా తెచ్చుకుందో లేదో, బల్ల మీద ఫోను మోగింది. అవతల ఇష్‌బెల్ మెక్రే. ఆపరేషన్లలో తీసేసిన రొమ్ములను కోసి, లోపల ఏముందో చూసి రాసిచ్చే పెథాలజిస్టు ఆమె. స్కాట్లాండ్ యాస ముప్ఫయ్యేళ్ళయినా వదల్లేదు. ఆ రోజు గొంతులో పండగ ఉంది.

"నోలీన్, ముప్ఫై ఏడో నమూనా బొమ్మ నాకోసారి చూపించవూ? నలభై నమూనాలూ అయ్యేదాకా ఒకరి ఫలితాలు ఒకరం చూసుకోకూడదని రూలుంది, నాకు తెలుసు. కానీ ఇవాళ పొద్దున్నే కోశాను. లోపల శనగ్గింజంత గడ్డ. గుండ్రంగా, ఎంత ముచ్చటగా ఉందో! మీ యంత్రంలో అది ఎలా పడిందో చూడాలని మనసు ఆగట్లేదు."

"ముప్ఫై ఏడా?" అంది నోలీన్. "అందులో ఏమీ లేదే."

"ఏమీ లేకపోవడమేంటి?"

"లేదు ఇష్‌బెల్. పొర పొరా చూశాను. కొవ్వు, పాలగ్రంథులు, రెండు నీటిబుడగలు. అంతే."

ఇష్‌బెల్ నెమ్మదిగా అంది: "తల్లీ, నేను దాన్ని రెండు వేళ్ళ మధ్య పట్టుకుని నీతో మాట్లాడుతున్నాను."

బ్రెడ్డు ముక్క నోలీన్ చేతిలోంచి జారి బల్ల మీద బోర్లా పడింది. ఆమె దాని వంక చూసింది గానీ తియ్యలేదు.

నోలీన్‌కి అప్పటికి యాభై తొమ్మిదేళ్ళు. పుట్టింది కోలాక్ అనే పాడి ఊళ్ళో. తండ్రి పాల టాంకరు తోలేవాడు. చదువు అవగానే ఎక్స్‌రే పని నేర్చుకుని, ఇరవై మూడేళ్ళపాటు ఆ ఊళ్ళోనూ, చుట్టుపక్కల పాడి ఊళ్ళకి తిరిగే పరీక్షల బస్సులోనూ మామోగ్రామ్‌లు తీసింది. ఆ ప్రాంతంలో యాభై దాటిన ఆడవాళ్ళలో నోలీన్ చేతి కింద పడని వాళ్ళు లేరని మగవాళ్ళు బార్లో పరాచికాలాడేవారు. "మీ ఆవిడ మీ చేతుల కంటే నా చేతులే వెచ్చగా ఉంటాయంది" అని ఆమె తిరిగి అంటించేది. వాళ్ళు బీరు గ్లాసుల్లోకి చూస్తూ ఊరుకునేవారు.

ఆ పనిలో ఆమెకి నచ్చనిది ఒక్కటే. రొమ్మును రెండు పలకల మధ్య పెట్టి అణచాలి. అణచకపోతే బొమ్మ రాదు. "ఊపిరి బిగబట్టు తల్లీ, అయిపోయింది, అయిపోయింది" అని ఇరవై మూడేళ్ళు అంటూనే ఉంది. ఒకసారి పాత ఆపరేషన్ మచ్చ ఉన్న ఒకావిడ, పలకల మధ్య రొమ్ము ఉండగానే స్పృహ తప్పి ఒరిగిపోయింది. ఆమెను ఒక చేత్తో పట్టుకుని, రెండో చేత్తో మీట వెతుక్కున్న ఆ అరనిమిషం నోలీన్‌ని ఏళ్ళ తరబడి వెంటాడింది. బారబూల్ కొండల మీద ఎక్స్‌రేలతో పరిశోధన చేసే కిరణశాలలో అణచకుండానే బొమ్మ తీసే యంత్రం కడుతున్నారని పత్రికలో చదివిన రోజునే దరఖాస్తు పెట్టింది. అప్పటికి యాభై ఒకటి. మొగుడు క్వీన్స్‌లాండ్ గనుల్లో పనికని వెళ్ళి అక్కడే ఇంకో కాపురం పెట్టుకున్నాడు. ఆ సంగతి ఆమె ఎవరికైనా చెప్పాల్సి వస్తే వాన పడింది అన్నంత మామూలుగా చెప్పేది.

కిరణశాలను ఎవరూ దాని పూర్తి పేరుతో పిలవరు. షెడ్డు అంటే చాలు. అందులో నోలీన్ పని ఆసుపత్రి నుంచి వచ్చే తీసేసిన రొమ్ములను, అంటే నమూనాలను, తిరిగే బల్ల మీద కూర్చోబెట్టడం, బొమ్మ తీయించడం, తీశాక చూడడం. బొమ్మ కట్టే పని టిబోర్ హల్మోష్‌ది.

టిబోర్ లెక్కల మనిషి. ముప్ఫయ్యేళ్ళ వయసులో హంగరీ నుంచి వచ్చాడు. గసగసాలు కూరిన రొట్టెచుట్టను ఇంటి నుంచి తెచ్చుకుని, ఎవరికీ పెట్టకుండా తినేవాడు. మామూలు ఎక్స్‌రే ఎముకను చూపించినట్టు మెత్తటి కండను చూపించలేదు. కండలోంచి పోయే కిరణం పెద్దగా మసకబారదు. కానీ దారిలో కాస్తంత వంగుతుంది. తలవెంట్రుకలో వెయ్యో వంతు వంపు అనుకోండి. ఆ వంపును కొలిచి, దాంట్లోంచి కండ ఎక్కడ చిక్కగా ఉందో, ఎక్కడ పలచగా ఉందో వెనక్కి లెక్కగట్టడమే షెడ్డు విద్య. బల్ల అరచుట్టు తిరిగేలోపు వేల బొమ్మలు తీస్తారు. విడివిడిగా చూస్తే అవన్నీ పొగమంచు. ఆ వేలనీ టిబోర్ రాసిన లెక్కలో పోస్తే రొమ్ము లోపలి ఒక్కో పొరా, కత్తి పెట్టకుండానే, తెర మీదకి వస్తుంది. మొదటిసారి అది చూసిన రోజున నోలీన్ కుర్చీలోంచి లేచి, టిబోర్ బట్టతల మీద ముద్దు పెట్టింది. అతను వారం రోజులు ఆమెకు దూరంగా నడిచాడు.

చిక్కు ఒకటుండేది. బొమ్మను పట్టే డిటెక్టర్‌లో కొన్ని చుక్కలు సరిగా పనిచెయ్యవు. నమూనా తిరుగుతుంటే లోపలి ప్రతిదీ కదులుతుంది గానీ ఆ చెడ్డ చుక్క ఉన్నచోటే ఉంటుంది. దాంతో తేలిన బొమ్మలో నీళ్ళలో రాయి వేసినట్టు వలయాలు పడతాయి. వాటిని తుడవడానికి టిబోర్ ఒక లెక్క రాశాడు. తిరుగుతున్నా కదలనిది ఏదైనా కనిపిస్తే తీసెయ్, అంతే దాని పని. షెడ్డులో దాన్ని చీపురు అనేవారు. ముందటేడు డిటెక్టర్ మీద గీత పడి వలయాలు వెడల్పుగా రావడం మొదలయ్యాక, టిబోర్ చీపురు వెడల్పు పెంచాడు. ఆ తర్వాత వచ్చిన బొమ్మలు కడిగిన పళ్ళెంలా మెరిశాయి. షెడ్డు గుమ్మంలోనే ఒకదాన్ని గోడంత చేసి తగిలించారు.

ఫోను పెట్టేసి నోలీన్ తిన్నగా టిబోర్ గదిలోకి వెళ్ళింది.

"ముప్ఫై ఏడులో గడ్డ ఉందట."

"లేదు," అన్నాడు టిబోర్, తల ఎత్తకుండా.

"ఇష్‌బెల్ చేతిలో పట్టుకుని ఉంది."

"చీటీలు తారుమారు చేసి ఉంటుంది. వేరే మనిషిది కోసి ఉంటుంది. ఆసుపత్రి వాళ్ళ సంగతి నీకు తెలీదా?"

"ఇష్‌బెల్ పొరపాటు పడిందని ఆమె ముందు అను చూద్దాం, నీ చెవులు కోసి సీసాలో పెడుతుంది. చీపురు వెయ్యకముందు బొమ్మ ఉందా నీ దగ్గర?"

"ఉంటుంది. దాంతో ఏం పని? అంతా వలయాలే."

"పెట్టు."

టిబోర్ నిట్టూర్చి, చీపురు ఆపి, లెక్కను మళ్ళీ నడిపించాడు. నలభై నిమిషాలు పట్టింది. ఆ నలభై నిమిషాలూ అతను ఏదో ఈమెయిల్ రాస్తూ కూర్చున్నాడు. నోలీన్ నిలబడే ఉంది. తెర మీదకి పొరలు వచ్చాయి. వలయాలు, వలయాల్లో వలయాలు, చూస్తే కళ్ళు తిరిగేలా ఉన్నాయి. నోలీన్ ఒక్కో పొరా దిగుతూ పోయింది. రెండు వందల పన్నెండో పొర దగ్గర వేలు ఆగిపోయింది.

వలయాలన్నిటి నట్టనడుమ, తెల్లగా, శనగ్గింజంత.

టిబోర్ చీపురు వేసిన బొమ్మను పక్కన తెరిచాడు. అదే పొర. నడిమధ్య నున్నగా, బూడిద రంగు కొవ్వు. అక్కడ ఏదో ఉండేదన్న గుర్తయినా లేదు. చీపురు గడ్డను తీసెయ్యడమే కాదు, దాని చోట చుట్టుపక్కల రంగే పూసి పెట్టింది.

"ఇరుసు మీద ఉంది," అన్నాడు టిబోర్. "సరిగ్గా ఇరుసు మీద ఉంది నోలీన్. చక్రం తిరిగినా నడిబొడ్డు కదలదు. గుండ్రంగా ఉండి, నడిబొడ్డున కూర్చుంది. కదలనిదంతా మురికి అని నేనే రాశాను. అది... అది రాసినట్టే చేసింది."

"మరి అన్నిచోట్లా వదిలి, సరిగ్గా ఇరుసు మీదకే ఎలా వచ్చి కూర్చుంది?"

అడుగుతుండగానే ఆమెకు జవాబు తెలిసింది.

కూర్చోబెట్టింది తనే. ఆపరేషన్ చేసిన డాక్టర్లు అనుమానమున్న చోట నల్లదారంతో కుట్టు వేసి పంపుతారు. ఇరుసు దగ్గర బొమ్మ అన్నిచోట్ల కంటే పదునుగా వస్తుందని నోలీన్ మొదటి నెలలోనే కనిపెట్టింది. అందుకని ప్రతి నమూనానీ, ఎవరూ చెప్పకపోయినా, ఆ నల్లదారం కుట్టు సరిగ్గా ఇరుసు మీదకి వచ్చేలా వెంట్రుకవాసి తేడా లేకుండా సర్దేది. అది ఆమె పనితనం. కొత్తగా చేరిన వాళ్ళకు కూడా అలాగే నేర్పింది. అంటే ఎక్కడ వెతకమని డాక్టరు కుట్టు వేసి మరీ పంపాడో, సరిగ్గా ఆ చోటునే ఇద్దరూ కలిసి, ఒకరు తెచ్చి చీపురు కింద పెట్టి, ఇంకొకరు ఊడ్చి, ఏడాది పాటు పారేశారు.

నోలీన్ కుర్చీ అంచు పట్టుకుని కూర్చుంది. "చీపురు పెద్దది చేశాక ఎన్ని తీశాం?"

"పదిహేడు," అన్నాడు టిబోర్. కాస్త ఊపిరి పీల్చుకున్నాడు. "కానీ అవన్నీ కోసేసినవే కదా. ఇష్‌బెల్ చూస్తుంది. మన బొమ్మ తప్పయినా ఎవరికీ..."

మాట మధ్యలో ఆగాడు. ఇద్దరికీ ఒకేసారి గుర్తొచ్చింది.

బతికున్న మనిషి ఒకరున్నారు.

జోస్లిన్ ట్రెవిన్, కోబ్డెన్ దగ్గర పాడి రైతు, యాభై ఆరేళ్ళు. ఆ ఏడాది మార్చిలో, యంత్రాన్ని మొట్టమొదటిసారి బతికున్న మనిషి మీద ప్రయత్నించినప్పుడు ముందుకొచ్చిన మనిషి. బోర్లా పడుకోవాలి, పడకలోని కన్నంలోంచి రొమ్ము కిందకి వేలాడాలి, పడక మెల్లగా తిరగాలి. జోస్లిన్ పడుకుంటూనే, "ఇదేదో నేను రోజూ ఆవులకి చేసే పనే, ఇవాళ నా వంతొచ్చింది" అంది. గది గదంతా నవ్వింది. ఆ నవ్వులోనే, ఎడమవైపు ఒకచోట అప్పుడప్పుడు సలుపుతుందనీ, బహుశా ఆవు తన్నిన దెబ్బేననీ నోలీన్‌తో చెప్పింది. చెప్పింది కదా అని, ఆ చోటు బాగా పడాలని, నోలీన్ పడకను నాలుగు వేళ్ళు జరిపి దాన్ని ఇరుసు మీదకి తెచ్చింది.

అది ఒక్కటే అయితే వేరు. బట్టలు మార్చుకునే గదిలో జోస్లిన్ గుండీలు పెట్టుకుంటూ అడిగింది: "ఏమన్నా కనబడిందా?" చెప్పకూడదు. అది పరిశోధన, పరీక్ష కాదు. ఏదున్నా డాక్టరు ద్వారానే వెళ్ళాలి. ఆ రూలు కాగితం మీద నోలీన్ సంతకం కూడా ఉంది. కానీ ఆ పాటికి చీపురు వేసిన పొరలు చూసేసింది. ఇరవై మూడేళ్ళు బస్సులో అదే ప్రశ్నకు పెదవి బిగించి తలతిప్పుకున్న మనిషి, ఆ రోజు సంతోషం పట్టలేక, "అద్దంలా ఉంది తల్లీ, హాయిగా ఇంటికి పో" అంది.

టిబోర్ జోస్లిన్ బొమ్మలను చీపురు లేకుండా నడపడం మొదలుపెట్టాడు. మధ్యాహ్నం రెండయింది. ఇద్దరూ ఏమీ తినలేదు. టిబోర్ తన రొట్టెచుట్టను సగం విరిచి, నోలీన్ ముందు పెట్టాడు. ఎనిమిదేళ్ళలో అది మొదటిసారి. ఆమె అది గమనించను కూడా లేదు.

పొరలు వచ్చాయి. నూట నలభై ఆరో పొర. వలయాల నడుమ ఒక మచ్చ. ముప్ఫై ఏడుది గుండ్రంగా ఉంది. ఇది అలా లేదు. అంచులు పీచుల్లా చుట్టూ పాకుతున్నాయి. ఆరు మిల్లీమీటర్లు. నోలీన్ అలాంటి అంచులు బస్సులో ఎన్నో చూసింది. చూసి, ఏమీ చెప్పకుండా, ఆ ఆడవాళ్ళకి కోటు అందించి పంపేది.

ఇష్‌బెల్‌ని పిలిస్తే అరగంటలో కారేసుకుని వచ్చింది. తెర దగ్గరకి వంగి చూసి, కళ్ళద్దాలు తీసి, కోటుకి తుడుచుకుని మళ్ళీ పెట్టుకుంది. "నాకు దీన్ని కొయ్యకుండా ఏమీ చెప్పే హక్కు లేదు," అంది. "కానీ ఇది మా చెల్లెలిదైతే నేను రేపటిదాకా ఆగను."

టిబోర్ గోడకి చేరగిలబడి అలాగే జారి నేల మీద కూర్చున్నాడు. అరవై రెండేళ్ళ మనిషి, మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని, బడిలో దెబ్బ తిన్నవాడిలా ఉన్నాడు. "ఆ గుమ్మంలో బొమ్మ తీయించండి ఎవరన్నా," అన్నాడు.

షెడ్డు పెద్ద ప్రిసిల్లా ఆన్స్‌లో అనే ఆవిడ. కోపం వచ్చినా గొంతు పెంచని మనిషి. అంతా విని, "ముందు ఆవిడ ఊరి డాక్టరుకి చెబుదాం, ఇప్పుడే," అని ఫోను అందుకుని, మళ్ళీ ఆగింది. "నోలీన్, మార్చిలో ఆవిడతో ఏమైనా అన్నావా?"

అనలేదంటే రుజువు చేసే దారి లేదు. గదిలో ఇద్దరే ఉన్నారు ఆ రోజు.

"అన్నాను. అద్దంలా ఉందన్నాను."

ప్రిసిల్లా చేతిలో ఫోను చేతిలోనే ఉండిపోయింది. "నువ్వా?" అంది. ఆ ఒక్క మాటా చాలు. నోలీన్ తర్వాత ఎన్ని మందలింపు ఉత్తరాలు అందుకున్నా, ఏదీ ఆ మాటంత లోతుకి దిగలేదు.

ఊరి డాక్టరు ఆ సాయంత్రమే జోస్లిన్‌కి చెప్పాడు. మర్నాడు పొద్దున షెడ్డుకి ఫోనొచ్చింది. జోస్లినే చేసింది. ఎవరితోనూ మాట్లాడనంది. "ఆ నోలీన్‌ని పంపండి. ఆ లెక్కల ఆయన్ని కూడా. మూడున్నరకి పాలు పిండుతుంటాను, అప్పుడు రమ్మనండి."

వానలో కోబ్డెన్ దాకా టిబోరే కారు నడిపాడు. దూడలు పుట్టే కాలం, దారి పొడుగునా పొలాలన్నీ బురద. జోస్లిన్ పాల కొట్టంలో, రెండు వరసల ఆవుల మధ్య నడుంలోతు గుంటలో నిలబడి, వాటి పొదుగులకు పాలు పిండే యంత్రం గొట్టాలు తగిలిస్తోంది. భర్త డెస్ అవతల రబ్బరు పైపుతో నేల కడుగుతున్నాడు.

"వచ్చావా," అంది జోస్లిన్ తల తిప్పకుండా. "పైన నిలబడకు, పేడ వేస్తాయి. దిగు."

ఇద్దరూ గుంటలోకి దిగారు.

"డాక్టరు చెప్పాడు గానీ నా బుర్రకెక్కలేదు. మార్చిలో లేదన్నావు. ఆగస్టులో ఉందంటున్నారు. ఈ మధ్యలో మొలిచిందా?"

"లేదు జోస్లిన్. అప్పుడే ఉంది."

"నువ్వు చూశావా?"

"చూశాను. కనబడలేదు. మేమే దాన్ని చెరిపేశాం."

జోస్లిన్ చేతిలోని గొట్టం ఆగింది. ఆవు కాలు కదిపింది. టిబోర్ ఒక అడుగు ముందుకొచ్చాడు. "అమ్మా, తప్పు నాది. మా డిటెక్టర్‌లో చెడ్డ చుక్కలుంటాయి. మనిషి తిరుగుతుంటే అవి మాత్రం కదలవు. అందుకని కదలనిదంతా తీసెయ్యమని యంత్రానికి రాశాను. నడిబొడ్డున ఉన్నది కూడా కదలదన్న సంగతి... నాకు తెలుసు. లెక్కలో తెలుసు. మనిషిలో తెలియలేదు."

"అంటే ఉన్నచోటు నుంచి కదలనందుకు దాన్ని మురికి కింద జమకట్టి ఊడ్చేశారు."

"అంతే."

"అయితే డెస్‌ని మీ పడక మీద పెట్టకండి. సోఫాలోంచి కదలడు, మాయమైపోతాడు."

ఎవరూ నవ్వలేదు. అన్న మనిషి కూడా నవ్వలేదు. డెస్ పైపు పట్టుకుని అలాగే నిలబడ్డాడు. నీళ్ళు కడిగిన చోటే మళ్ళీ మళ్ళీ పడుతున్నాయి.

"మే నెలలో బస్సు వచ్చింది," అంది జోస్లిన్. "రెండేళ్ళకోసారి వచ్చేదే. నాకు పరీక్షకి రమ్మని చీటీ పంపారు. వంటింట్లో నిలబడి, డెస్ చూస్తుండగా, 'షెడ్డు వాళ్ళు ఎప్పుడో చూశారు, నాది అద్దమట' అని చెప్పి ఆ చీటీ చించి పొయ్యిలో వేశాను. పొగరుగా వేశాను, తెలుసా? పక్కింటావిడకి కూడా గొప్పలు చెప్పుకున్నాను."

నోలీన్‌కి ఆ సంగతి తెలియదు. బస్సులో చేస్తున్నది తన దగ్గర పని నేర్చుకున్న అమ్మాయే. ఆ అమ్మాయి కన్ను దీన్ని వదిలేది కాదు.

"చచ్చిపోతానా?" అంది జోస్లిన్.

"నాకు తెలీదు."

"మార్చిలో అన్నీ తెలిసినట్టే మాట్లాడావుగా!"

"మార్చిలోనూ తెలీదు. తెలిసినట్టు మాట్లాడాను."

జోస్లిన్ మొదటిసారి ఇటు తిరిగి ఆమె మొహంలోకి చూసింది. కొట్టేలా ఉంది చూపు. నోలీన్ కదలకుండా నిలబడింది. కొట్టినా బాగుండుననిపించింది. కానీ జోస్లిన్ పక్క ఆవు వైపు తిరిగి, పొదుగు తుడిచి, గొట్టం తగిలించింది. ఇంకో ఆవు. ఇంకో ఆవు. ఆ వరస అయ్యాక చేతులు కడుక్కుంది.

"రేపే గీలాంగ్ పెద్దాసుపత్రికి వెళ్ళాలి, సూది గుచ్చి చూస్తారట. డెస్‌కి దూడలున్నాయి. నువ్వు తీసుకెళ్ళు," అంది. "నీ మీద ప్రేమ పొంగి కాదు. వాళ్ళు నాతో ఏం చెబుతారో నువ్వు పక్కన కూర్చుని వినాలి, అందుకు."

నోలీన్ తీసుకెళ్ళింది. పోనూ గంటన్నర, రానూ గంటన్నర. జోస్లిన్ రేడియోలో పాల ధరలు విన్నది. వారం తర్వాత ఫలితం చెప్పే రోజున కూడా నోలీన్ పక్కనే కూర్చుంది. కాన్సరే. డాక్టరు ఆ మాట అన్నప్పుడు జోస్లిన్ ఆమె వంక చూడలేదు. బల్ల కింద మాత్రం నోలీన్ మణికట్టును పట్టుకుని, గోళ్ళు దిగేలా నొక్కింది. ఆ గుర్తులు నాలుగు రోజులున్నాయి.

సెప్టెంబరులో ఆపరేషన్ అయింది. చంకలోని గ్రంథులకి పాకలేదు. అయిదు నెలలు ముందు తీసుంటే ఏమైనా తేడా ఉండేదా అని జోస్లిన్ డాక్టర్ని అడిగింది. "బహుశా లేదు. కానీ బహుశా అనే అంటాను," అన్నాడు ఆయన. తర్వాత కరెంటు వైద్యం, అదే రేడియేషన్, ఆరు వారాలు సాగింది. డెస్ ఆవుల్ని చూసుకున్నాడు.

షెడ్డులో బతికున్న మనుషుల మీద పని ఏడాది ఆపేశారు. నోలీన్ అన్నమాటకి ఆమెను మనుషుల దగ్గరకు వెళ్ళకుండా ఆ ఏడాదంతా పక్కన పెట్టారు. ఆమె ఎదురు చెప్పలేదు. పదిహేడు నమూనాలనూ టిబోర్ చీపురు లేకుండా మళ్ళీ కట్టాడు. ఇంకో మూడింటిలో నట్టనడుమ గడ్డలు బయటపడ్డాయి. ఇష్‌బెల్ కోసినప్పుడు మూడూ ఆమెకి దొరికినవే. సీలు వేసిన కవర్లలో రాసి ఉన్నవే. ఎవరూ పక్కపక్కన పెట్టి చూడలేదంతే.

పద్ధతి మార్చారు. అనుమానం ఉన్నచోటుని ఇరుసుకి దూరంగా పెట్టాలి. తీస్తున్నంతసేపూ డిటెక్టర్‌ని అటూ ఇటూ కాస్త జరపాలి, అప్పుడు చెడ్డ చుక్క ఒక్కచోటే కూర్చోదు. ఇంకొకటి నోలీన్ పట్టుబట్టి పెట్టించింది. చీపురు వెయ్యకముందున్న బొమ్మలోంచి వేశాక వచ్చే బొమ్మను తీసేస్తే మిగిలేది, అంటే ఊడ్చిన చెత్త, అది కూడా మనిషి కూర్చుని చూడాలి.

"చెత్తని చూడ్డానికి జీతమిచ్చి మనిషినా?" అని లెక్కలవాళ్ళలో ఒకరు నవ్వారు.

"ఆ మనిషిని నేనే," అంది నోలీన్. ఏడాదంతా పొద్దున తొమ్మిదింటి నుంచి వలయాలు చూస్తూ కూర్చుంది. కలలో కూడా అవే. రెండోసారి చూడకుండా ఒక్క పొరనీ వదల్లేదు.

టిబోర్ తప్పంతా కాగితం మీద పెట్టాడు. పక్కపక్కన రెండు బొమ్మలు, చీపురు వెడల్పు, ఇరుసు, పదిహేడు నమూనాలు, బతికున్న ఒక్కరు. పేరు లేకుండా జోస్లిన్ సంగతి కూడా రాశాడు, ఆమె ఒప్పుకున్నాక. "రాయండి. ఇంకే ముసలిదీ చీటీ చించుకోకుండా ఉంటుంది," అంది ఆమె. మరుసటి శీతాకాలం బ్రిస్బేన్‌లో ఈ విద్య చేసేవాళ్ళ సభ జరిగితే, టిబోర్ అక్కడ దాన్నంతా చెప్పాడు. నోలీన్ ఆఖరి వరసలో కూర్చుంది.

అయ్యాక ముందు వరసలోంచి ఒకావిడ లేచింది. ఎక్కడో దూరదేశపు శాల నుంచి వచ్చింది. నలభయ్యేళ్ళుంటాయి. "మీ చీపురు వెడల్పు ఎంతన్నారు?" అని అడిగింది. టిబోర్ మళ్ళీ చెప్పాడు. ఆవిడ కూర్చుంది. వెంటనే మళ్ళీ లేచింది. "అనుమానమున్న చోటుని మేమూ నడిమధ్యనే పెడతాం," అంది మైకు లేకుండా. "నాలుగేళ్ళ నుంచి."

అని, సంచీ అక్కడే వదిలేసి, తలుపు తోసుకుని బయటకు వెళ్ళిపోయింది. హాలంతా వెనక్కి తిరిగి ఆ తలుపునే చూస్తూ ఉండిపోయింది. టిబోర్ వేదిక మీద చేతులు వేలాడేసుకుని నిలబడ్డాడు.

నోలీన్ లేచి, ఆవిడ సంచీ తీసుకుని వెనకే వెళ్ళింది. మెట్ల మీద కూర్చుని ఉంది ఆవిడ, చేతిలో ఫోను. వేలు అంకెల మీద ఆగి ఉంది. నోలీన్ సంచీ పక్కన పెట్టి, మోకాళ్ళు పట్టుకుని, ఆవిడ పక్కనే మెట్టు మీద కూర్చుంది.

"బతికున్న వాళ్ళెంతమంది?" అని అడిగింది.

"పదకొండు." "ముందు ఎవరికి చెయ్యాలి?"

"వాళ్ళ డాక్టర్లకి. ఇప్పుడే."

"తర్వాత?"

"తర్వాత ఆ ఆడవాళ్ళు పిలుస్తారు. పిలిచినవాళ్ళ దగ్గరకల్లా వెళ్ళు. తిడతారు, ఉండు. ఏం చెయ్యమంటే అది చెయ్యి." నోలీన్ ఆవిడ చేతిలోని ఫోను వంక చూసింది. "పదకొండు మందిలో మొదటి పేరు ఎవరిది?"

ఆవిడ పేరు చెప్పింది. నోలీన్‌కి నోరు తిరగని పేరు అది. రెండుసార్లు ప్రయత్నించి, మూడోసారి సరిగ్గా పలికింది. ఆవిడ తలూపి, ఆ మనిషి డాక్టరు నంబరు నొక్కడం మొదలుపెట్టింది.